ఫిట్స్ వచ్చే కుక్కకు ఫినోబార్బిటాల్ మాత్ర: 14 నెలల వాడకం తర్వాత

మా కుక్క చింటూకు 14 నెలలుగా రోజుకు రెండు పూటలా ఫినోబార్బిటాల్ మాత్ర వేస్తున్నాను. ఇది మూర్ఛను నయం చేసే మందు కాదు, అదుపులో ఉంచే మందు. గడియారం చూసి వేసేవారికి బాగా పనిచేస్తుంది, వేళ తప్పించేవారికి ఎదురు తిరుగుతుంది. అందుకే మాత్ర గురించి ఎంత చెప్పాలో, దాన్ని వేసే మనిషి గురించీ అంతే చెప్పాలి.

మొదటిసారి వచ్చినప్పుడు అది ఫిట్స్ అని నాకు తెలియలేదు. తెల్లవారుజామున నేల మీద గోళ్లు గీరుకుంటున్న చప్పుడు విని లేచి చూస్తే, చింటూ పక్కకు ఒరిగి పడి, మెడ వెనక్కి విరిచి, నాలుగు కాళ్లూ కర్రల్లా చాచి బిగుసుకుపోయి ఉన్నాడు. కొద్ది క్షణాలకే ఆ కాళ్లు నీళ్లలో ఈదుతున్నట్టు కొట్టుకోసాగాయి. దవడలు టకటకలాడాయి, నోటి వెంట నురగ వచ్చింది, పడుకున్న చోటే మూత్రం పోయింది. నాలుక మింగేస్తాడేమోనని భయపడి నోట్లో వేళ్లు పెట్టి గాయపడ్డాను. ఫిట్స్‌లో కుక్క నాలుకను మింగదు, ఆ సమయంలో అది కరుస్తున్న సంగతి దానికే తెలియదు కాబట్టి నోటి దగ్గరికి చెయ్యి పోనివ్వకూడదు. కదలికలు ఆగిపోయాక దాదాపు గంటసేపు వాడు గోడలకు తగులుకుంటూ, నన్ను గుర్తుపట్టకుండా, ఎడతెగకుండా నీళ్లు తాగుతూ ఇల్లంతా తిరిగాడు. ఫిట్స్ కన్నా ఆ గంటే నన్ను ఎక్కువగా భయపెట్టింది. తర్వాత వచ్చే ఈ అయోమయం కూడా మూర్ఛలో భాగమేనని, కొన్ని కుక్కల్లో ఇది ఒక రోజు దాకా ఉండవచ్చని అప్పుడు నాకు తెలియదు.

రెండోది ఐదు వారాలకు, మూడోది ఆ తర్వాత 22 రోజులకు వచ్చింది. మూడోసారి ఫోన్‌లో తీసిన వీడియో నా మాటలన్నిటికన్నా డాక్టర్ గారికి ఎక్కువ పనికొచ్చింది. గుండె జబ్బుతో సొమ్మసిల్లే కుక్క సాధారణంగా మెత్తగా కూలబడి, కొద్దిసేపట్లో మామూలుగా లేచి నిలబడుతుందని, చెవి లోపలి సమతుల్యత దెబ్బతింటే తల ఒక పక్కకు వంగి, తెలివిలో ఉండగానే తూలుతుందని ఆ వీడియో చూపిస్తూనే వివరించారు. ఒంట్లో చక్కెర పడిపోవడం, కాలేయ లోపం, చాక్లెట్ లేదా జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) వంటివి తినడం, తలకు దెబ్బ, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వంటి కారణాలేవీ కాదని తేలాకే మందు మాట వచ్చింది. కారణం కనబడని మూర్ఛ చాలా వరకు 6 నెలల నుంచి 6 సంవత్సరాల వయసు మధ్య మొదలవుతుంది. చింటూకు అప్పుడు మూడేళ్లు. ఆరు నెలల లోపల రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఫిట్స్ వస్తే మందు మొదలుపెట్టడం మంచిదన్నది పశువైద్యంలో స్థిరపడిన సలహా.

ఫినోబార్బిటాల్ పాత మందు. మనుషుల మూర్ఛకు ఇది పనిచేస్తుందని 1912లోనే గుర్తించారు, కుక్కల్లో నేటికీ తరచుగా మొదట ఎంచుకునేది ఇదే. మొదటి పది రోజులు చింటూ మత్తుగా పడుకుని ఉండేవాడు, మెట్లు దిగేటప్పుడు వెనక కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడేవి. మందు మానేద్దామని నాకు రెండుసార్లు అనిపించింది. ఆ తూలుడు మూడో వారానికి పోయింది కాని ఆకలి, దాహం మాత్రం పోలేదు. గిన్నె ఖాళీ చేసి మళ్లీ దాని ముందే కూర్చునే కుక్కను చూస్తూ తిండి కొలిచి పెట్టడం ఈ మందులో నాకు అన్నిటికన్నా కష్టమైన పని. కొలవడం మొదలుపెట్టే లోపే రెండు కిలోల బరువు పెరిగాడు.

ఈ మందుకున్న గొప్ప సౌకర్యం రక్తంలో దాని స్థాయిని కొలిచి చూడగలగడం. సుమారు రెండు వారాలకు స్థాయి నిలకడకు వస్తుంది. మిల్లీలీటరుకు 15 నుంచి 40 మైక్రోగ్రాముల మధ్య ఉండాలంటారు కాని, 35 దాటితే కాలేయానికి ముప్పు పెరుగుతుంది కాబట్టి జాగ్రత్తగల వైద్యులు అంతదూరం పోనివ్వరు. మావాడికి మొదట 14 వచ్చింది, మోతాదు పెంచాక 22కు చేరింది. ఆపై ఆరు నెలలకొకసారి కాలేయ పరీక్ష తప్పదు. ఈ మందు వాడే కుక్కకు థైరాయిడ్ హార్మోను నిజమైన లోపం లేకుండానే తక్కువ చూపించవచ్చని కూడా తెలిసి ఉండటం మంచిది.

మందు వేసిన 14 నెలల్లో మూడు ఫిట్స్ వచ్చాయి. మొదటి రెండూ మోతాదు సరిపోక ముందటివి. మూడోది ఎనిమిదో నెలలో, నా అజాగ్రత్త వల్ల వచ్చింది. ఒక మందుల దుకాణంలో 60 మిల్లీగ్రాముల మాత్రలకు బదులు 30 మిల్లీగ్రాములవి ఇచ్చారు. పట్టీ మీది అంకె చదవకుండా మూడు రోజులు వేశాను, అంటే మోతాదు సగానికి పడిపోయింది. మూడో రాత్రి ఫిట్స్ వచ్చాయి. అకస్మాత్తుగా ఆపినా తగ్గించినా ఫిట్స్ మునుపటికన్నా తీవ్రంగా విరుచుకుపడే ప్రమాదం ఈ మందుతో ఉంది కనుక, ఇప్పుడు దుకాణంలోనే నిలబడి అంకె చదువుతాను, పదిహేను రోజుల మాత్రలు ఎప్పుడూ అదనంగా ఉంచుతాను.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని గడియారం చూడటం. ఫిట్స్ సాధారణంగా రెండు నిమిషాల లోపే ఆగుతాయి. ఐదు నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఎందుకంటే అలా సాగే కొద్దీ ఒంటి వేడి ప్రమాదకరంగా పెరుగుతుంది, మెదడు దెబ్బతినవచ్చు. కుర్చీ పక్కకు జరిపి, లైటు తగ్గించి, తల కింద దుప్పటి పెట్టాను. ఫిట్స్‌ను అప్పటికప్పుడు ఆపడానికి మలద్వారం ద్వారా ఎక్కించే డయజిపామ్ అనే మందు ఇంట్లో ఉంచమని డాక్టర్ గారు ముందే రాసిచ్చారు. అది ప్లాస్టిక్‌కు అంటుకుని బలం కోల్పోతుంది కాబట్టి సిరంజిలోకి ముందుగా తీసి పెట్టుకోకూడదు. అదే పని చేసే, ముక్కులో కొట్టే మిడజోలామ్ దొరికే చోట అదే మేలని చెప్పారు. ఆరోజు ఆ అవసరం పడలేదు, 70 సెకన్లలో ఆగింది.

కాలేయ జబ్బు ఉన్న కుక్కకు ఈ మందు తగదు. మూర్ఛకు వాడే మిగతా మందుల్లో పొటాషియం బ్రోమైడ్ కాలేయం మీద భారం వేయదు కాని, నిలకడకు రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. లెవెటిరాసెటామ్ సాధారణ మాత్రను రోజుకు మూడుసార్లు వేయాలి, అదీ ఎనిమిది గంటల తేడాతో. ఆ మూడింటిలో మా ఇంటి దినచర్యకు ఇమిడింది ఫినోబార్బిటాల్ ఒక్కటే. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను, తగ్గించిన ఒక్కటీ ఆ ఆరని ఆకలికి. ఫిట్స్ లేకుండా ఒకటి రెండు సంవత్సరాలు గడిస్తే తప్ప మోతాదు తగ్గించే ఆలోచన చేయరు, చేసినా నెలకు ఐదో వంతుకు మించి తగ్గించరు. డైరీలో ఆ లెక్కను నేను మాత్ర పట్టీ చదవని ఆ వారం నుంచి మళ్లీ మొదటికి తెచ్చి రాసుకున్నాను. ఇప్పటికి ఆరు నెలలయింది.