థ్రెడ్‌లోకల్‌ర్యాండమ్: ఏళ్ల తరబడి వాడాక

జావా 7తో 2011లో వచ్చిన థ్రెడ్‌లోకల్‌ర్యాండమ్‌ను, అంటే ఒక్కో థ్రెడ్‌కు (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే ఒక్కో పనికి) విడిగా ర్యాండమ్ నంబర్లు ఇచ్చే క్లాసును, నేను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. సిమ్యులేషన్లు, లోడ్ టెస్టులు, ఫెయిలైన రిక్వెస్టును మళ్లీ పంపే ముందు కాసేపు ఆగే కోడ్... ర్యాండమ్ నంబర్ కావాలంటే ముందు చెయ్యి దీని మీదికే పోతుంది.

పాత ర్యాండమ్ క్లాసు థ్రెడ్‌సేఫ్ కాదని, అంటే చాలా థ్రెడ్లు ఒకేసారి వాడితే దెబ్బతింటుందని, చాలామంది అనుకుంటారు. అది సేఫే, చిక్కల్లా వేగంతోనే. దాని 48 బిట్ల సీడ్ (తర్వాతి నంబరును లెక్కగట్టే మూల సంఖ్య) ఒకే ఒక్క అటామిక్‌లాంగ్‌లో, అంటే థ్రెడ్లన్నీ పంచుకునే వేరియబుల్‌లో ఉంటుంది. నంబర్ అడిగిన ప్రతి థ్రెడ్డూ దాన్ని మార్చాలి. ఈలోగా ఇంకో థ్రెడ్ మార్చేస్తే మళ్లీ మొదటికే. అందరూ ఒకే ఆబ్జెక్టు మీద పడితే, థ్రెడ్లు పెంచేకొద్దీ వేగం పెరగకపోగా పడిపోవడం నేను చూశాను. థ్రెడ్‌లోకల్‌ర్యాండమ్‌లో ఏ థ్రెడ్ సీడ్ దానిదే కాబట్టి ఆ తోపులాట లేదు.

అయితే ఈ క్లాసు ఆబ్జెక్టును ఇచ్చే కరెంట్() నుంచి వచ్చినదాన్ని స్టాటిక్ ఫీల్డులో (అన్ని థ్రెడ్లూ పంచుకునే చోట) దాచారో, కొంప మునిగినట్టే. జావా 8 నుంచి సీడ్ థ్రెడ్ ఆబ్జెక్టులోనే ఉంటోంది. దాన్ని మొదటిసారి సిద్ధం చేసేది కరెంట్(). ఆ కాల్ ఎప్పుడూ చేయని థ్రెడ్లు దాచిన ఆబ్జెక్టును వాడితే, అన్నిటి సీడూ సున్నా నుంచే మొదలవుతుంది. అన్నిటికీ అవే నంబర్లు, అదే వరుసలో! ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు. కోడ్ రివ్యూలో ఆ లైను కనబడితే మిగతాది చదవకుండానే వెనక్కి పంపుతాను. అవసరమైన ప్రతిచోటా కరెంట్() పిలవండి, దానికి పెద్ద ఖర్చేం లేదు.

నాకు నచ్చనిది ఒకటే, సీడ్ మనం ఇవ్వలేం. సెట్‌సీడ్ పిలిస్తే ఎక్సెప్షన్ మొహాన కొడుతుంది. రాత్రి ఫెయిలైన టెస్టును పొద్దున అవే నంబర్లతో నడపాలంటే ఇది పనికిరాదు. అక్కడ సీడ్ మనమే ఇవ్వగలిగే మరో జావా క్లాసు, స్ప్లిటబుల్‌ర్యాండమ్ వాడతాను. తెలిసిన సీడ్‌తో మొదలుపెట్టి, ఒక్కో టాస్కుకు స్ప్లిట్() చేసిన ముక్క ఇస్తాను. ఆ పంపకం మాత్రం ఒకే థ్రెడ్‌లో, ఒకే వరుసలో జరగాలి. స్ప్లిటబుల్‌ర్యాండమ్ థ్రెడ్‌సేఫ్ కాదు మరి.

థ్రెడ్‌లోకల్‌ర్యాండమ్‌లో నెక్స్ట్‌ఇంట్(1, 7) అంటే 1 నుంచి 6 దాకా అన్నమాట, 7 రాదు. పాత ర్యాండమ్‌కు ఈ మాత్రం సౌకర్యం జావా 17 దాకా లేదు.

ఓటీపీలకు, పాస్‌వర్డ్ రీసెట్ టోకెన్లకు మాత్రం థ్రెడ్‌లోకల్‌ర్యాండమ్ జోలికి పోవద్దు, వచ్చే నంబరును ఊహించే వీలుంది. అక్కడ నెమ్మదైనా సరే, సెక్యూర్‌ర్యాండమే వాడాలి.