టోబీనా, ఆండ్రూనా, టామా: ఏ స్పైడర్‌మ్యాన్ మేలు?

మా మేనల్లుడికి పదిహేనేళ్ళు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం చేతికొచ్చిందంటే చాలు, వాడికీ నాకూ ఒకటే వాదన. వాడికి స్పైడర్‌మ్యాన్ అంటే టామ్ హాలండే, మిగతా ఇద్దరూ పాతవాళ్ళు. నాకు టోబీ మగ్వైర్. మాతో వచ్చే నా స్నేహితుడు ఆండ్రూ గార్‌ఫీల్డ్ తప్ప ఇంకో పేరు ఒప్పుకోడు. మొన్నయితే మావాడు "ఏటి మావయ్యా, ఆ టోబీది ఎప్పుడు చూసినా ఏడుపు మొహమే కదేటి" అనేశాడు. నాకు నిజంగానే మనసు చివుక్కుమంది. ఆ ఏడుపు మొహం వెనకాల ఏముందో వాడికి ఎవరూ చెప్పలేదు మరి. అందుకే ముగ్గురినీ పక్కపక్కన పెట్టి, నా ఓటు ఎవరికో, ఎందుకో రాస్తున్నాను.

ముందు ఎవరు ఎప్పుడు చేశారో చూద్దాం. శామ్ రైమీ దర్శకత్వంలో టోబీ 2002, 2004, 2007లలో మూడు సినిమాలు చేశాడు. మార్క్ వెబ్ తీసిన 2012, 2014 సినిమాల్లో ఆండ్రూ. టామ్ 2016లో కెప్టెన్ అమెరికా సినిమాలో కాసేపు కనిపించి, తర్వాత జాన్ వాట్స్ దర్శకత్వంలో 2017, 2019, 2021లలో సొంత సినిమాలు చేశాడు, మధ్యలో అవెంజర్స్ సినిమాలు వేరే. వీళ్ళకంటే ముందు 1977లో అమెరికా టీవీలో నికొలాస్ హామండ్, 1978లో జపాన్ టీవీలో పెద్ద రోబోతో కలిపి ఇంకో స్పైడర్‌మ్యాన్ వచ్చాయి గానీ, వాటిని మనం చూసి పెరగలేదు కాబట్టి పక్కన పెడుతున్నాను.

మన తెలుగువాళ్ళకి ఈ పోలికలో ఒక చిక్కు ఉంది. మాస్క్ వేసుకుంటే మొహం కనపడదు, కళ్ళూ కనపడవు. డబ్బింగ్‌లో చూస్తే గొంతు కూడా వాళ్ళది కాదు. ఇక నటుడిదని చెప్పుకోవడానికి మిగిలేది ఒళ్ళు ఒక్కటే. ఆ లెక్కన చూస్తే ఆండ్రూ దరిదాపుల్లోకి ఎవరూ రారు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, గోడ అంచున గొంతుక్కూర్చుంటే సాలీడే వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. 2012 సినిమాలో కారు దొంగని ఆటపట్టించే సీను మళ్ళీ ఒకసారి చూడండి. దొంగ చిన్న కత్తి తీయగానే ప్రాణం పోతున్నట్టు మోకాళ్ళ మీద కూలబడి బతిమాలతాడు, ఒక్క కనుబొమ్మ కూడా మనకి కనపడదు, అయినా వాడు లోపల నవ్వుతున్నాడని భుజాలు చూస్తేనే తెలిసిపోతుంది. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో మొదలుపెట్టిన కామిక్స్‌లో కూడా స్పైడర్‌మ్యాన్ అంటే కొడుతూ కొడుతూ గలగలా మాట్లాడేవాడే. ఆ వాగుడు, ఆ చలాకీతనం ఆండ్రూకి వచ్చినంత సహజంగా టోబీకి రాలేదు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

టామ్‌ది ఇంకో రకం ఒళ్ళు. వాడు చిన్నప్పుడే, 2008లో, లండన్‌లో బిల్లీ ఎలియట్ అనే నాటకంలో డాన్స్ చేసినవాడు, జిమ్నాస్టిక్స్ వచ్చినవాడు. గాల్లో పిల్లిమొగ్గ వేస్తే నేర్చుకున్న ఒళ్ళు అని తెలుస్తుంది. కానీ నాకు నచ్చింది ఆ పిల్లిమొగ్గలు కాదు, వాడు తడబడటం. 2017 సినిమాలో దొంగల వెంట పడుతూ గోల్ఫ్ మైదానంలోకి వస్తాడు, వెబ్, అంటే చేతిలోంచి విసిరే సాలీడు దారం, వేయడానికి అక్కడ ఒక్క బిల్డింగు కూడా ఉండదు, ఇక ఆ సూటులోనే పరుగు అందుకుంటాడు. మావాడికి అది ప్రాణం. "మన వైజాగ్‌లో అయితే పోర్టు క్రేన్ల దాకా ఊగొచ్చు మావయ్యా, తర్వాత కైలాసగిరి రోప్‌వే, ఆ పైన భీమిలి దాకా పరిగెత్తాల్సిందే" అని మొత్తం రూటు చెప్పేస్తాడు.

ఈ విషయంలో టోబీ వెనకబడ్డాడు. ఫైట్లలో బిగుసుకుపోయినట్టు ఉంటాడు, అప్పటి గ్రాఫిక్స్‌లో అక్కడక్కడా రబ్బరు బొమ్మలా కనిపిస్తాడు కూడా. ఒక్క సీను మాత్రం చెప్పాలి. 2002 సినిమాలో స్కూలు క్యాంటీన్‌లో, వాడు ఇష్టపడే మేరీ జేన్ జారిపడబోతే ఒక చేత్తో ఆమెని, ఇంకో చేతిలో ట్రే పట్టుకుని ఆమె తిండి వస్తువులన్నీ అందులో పడేలా చేస్తాడే, అది గ్రాఫిక్స్ కాదు. ట్రే చేతికి అంటుకునేలా జిగురు రాసి నిజంగానే పట్టించారు, 156 టేకులు పట్టాయని ఆ సినిమా వాళ్ళే చెప్పారు.

ఇప్పుడు వెబ్ సంగతి. కామిక్స్‌లో ఆ కుర్రాడు వెబ్ వదిలే మిషన్ తనే తయారు చేసుకుంటాడు. ఆండ్రూ, టామ్ సినిమాల్లో మణికట్టుకి కట్టుకునేది అదే. టోబీకి మాత్రం మణికట్టులోంచే వస్తుంది. దీన్ని తప్పుపట్టేవాళ్ళు అప్పట్నుంచి ఇప్పటిదాకా ఉన్నారు, చదువుకున్న కుర్రాడి తెలివి ఏమైపోయింది అని. నా స్నేహితుడు మొదట అనే మాట కూడా ఇదే. కానీ 2004 సినిమా చూడండి. బతుకు భారమై, చదువు పాడై, ఇష్టపడిన అమ్మాయి దూరమై మనసు విరిగిపోయినప్పుడు, పైనుంచి పోతూ పోతూ వాడి చేతిలోంచి వెబ్ రాదు. అంతే, ఆగిపోతుంది. మిషన్ అయితే చెడిపోయిందనుకుంటాం, బాగుచేసుకుంటాం. ఒంట్లోంచే రావాల్సింది రాకపోతే ఎవరికి చూపించుకోవాలి? వాడి మనసు ఎంత అలిసిపోయిందో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచదు. టోబీ దాన్ని నటించిన తీరు కూడా అలాగే ఉంటుంది, చేతి వైపు చూసుకుంటాడు, అరవడు.

అసలు నేను ముగ్గురినీ కొలిచే కొలత వేరే ఉంది. బెన్ అంకుల్, మే ఆంటీ అంటారు గానీ మన వరసల్లో చెప్పాలంటే వాళ్ళు పీటర్‌కి, అంటే మాస్క్ తీసేసిన స్పైడర్‌మ్యాన్‌కి, పెదనాన్న, పెద్దమ్మ. అమ్మానాన్నా లేని పిల్లాడిని పెంచినవాళ్ళు. నేనూ మల్కాపురంలో మా పెద్దమ్మ ఇంట్లో పెరిగినవాడినే. పెదనాన్న పోర్టులో కళాసీ, నేను ఇంటర్‌లో ఉండగా పోయాడు. 2004లో నేను డిగ్రీ చదువుతూ సాయంత్రాలు సైకిల్ మీద కొరియర్ కవర్లు పంచేవాడిని. జగదాంబ జంక్షన్ దగ్గర హాల్లో ఆ సినిమా చూస్తుంటే, టైముకి పిజ్జా అందించలేదని ఉద్యోగంలోంచి తీసేసిన కుర్రాడు, అద్దె అద్దె అని వెంటపడే ఇంటి ఓనరు, క్లాసుకి ఆలస్యంగా వచ్చాడని విసుక్కునే ప్రొఫెసరు, ఇవన్నీ నాకు న్యూయార్క్‌వి అనిపించలేదు.

ఆ సినిమాలో వాడి పుట్టినరోజు రాత్రి, ఇల్లు బ్యాంకువాళ్ళు లాక్కునే పరిస్థితిలో ఉన్న పెద్దమ్మ పర్సులోంచి 20 డాలర్లు తీసి ఇస్తుంది. వాడు వద్దంటాడు. ఆమెకి ఒక్కసారిగా కోపం వస్తుంది, తీసుకోమని కసురుతుంది, వెంటనే ఏడుస్తుంది. అప్పటి లెక్కలో మన 900 రూపాయలు అనుకోండి. మా పెద్దమ్మ పోపుల డబ్బాలోంచి తీసిన నోటు నా చొక్కా జేబులో కుక్కుతూ ఇలాగే కసిరేది. ఆ సీనులో ఆమెగా చేసిన రోజ్‌మేరీ హారిస్ గొప్పతనం ఎంతైనా ఉండనీ, ఆ నోటు పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డ టోబీ మొహం చూడండి. మావాడు ఏడుపు మొహం అన్నది దాన్నే. ఇంకాస్త తర్వాత, పెదనాన్న చావులో తన తప్పు కూడా ఉందని పెద్దమ్మకి బల్ల దగ్గర కూర్చుని చెప్పేస్తాడు. ఆమె తిట్టదు. వాడి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని లేచి మేడ మీదకి వెళ్ళిపోతుంది. రైలు ఆపే ఫైటు ఎంత గొప్పదైనా, నాకు మాత్రం ఈ సీనే పెద్ద ఫైటు.

ఆండ్రూకి ఇంట్లో దొరికింది ఒక్క మంచి ముక్క. 2012 సినిమాలో పెద్దమ్మ గుడ్లు తెమ్మని ఉంటుంది. అంతా అయిపోయాక, మొహమంతా దెబ్బలతో అర్ధరాత్రి ఇంటికొచ్చి ఆ గుడ్ల డబ్బా ఆమె చేతిలో పెడతాడు. ఆమె ఏమీ అడగదు, దగ్గరకి తీసుకుంటుంది. ఇలాంటివి ఇంకో నాలుగు ఉంటే నా ఓటు మారేదేమో. కానీ ఆ రెండు సినిమాలూ వాడి నాన్న రహస్యాల చుట్టూ తిరిగి ఇల్లు వదిలేశాయి. పైగా స్కేట్‌బోర్డు మీద తిరిగే ఆ అందగాడిని క్లాసులో ఎవరూ పట్టించుకోరు అంటే నమ్మడం కష్టం.

ఆండ్రూ గురించి చెప్పి, వాడు ప్రేమించిన గ్వెన్ గురించి చెప్పకపోతే అన్యాయం. 2014 సినిమా గడియారం టవర్‌లో ఆమె కిందకి పడిపోతుంటే వాడు వదిలిన వెబ్ అందుతుంది, కానీ ఆమె ప్రాణం అందదు. 1973లో కామిక్స్‌లో గ్వెన్ చనిపోయినప్పటి నుంచి పాఠకులు మోస్తున్న దుఃఖం అది. ఆ తర్వాత ఆండ్రూ ఏడ్చిన ఏడుపు ముగ్గురిలో ఇంకెవరూ ఏడవలేదు. సినిమా మొత్తం విలన్లని ఒకరి మీద ఒకరిని పేర్చి గందరగోళం చేసినా, ఆ అయిదు నిమిషాలు మాత్రం ఆండ్రూ సొంతం.

టామ్ మీద నాకున్న అభ్యంతరం నటన గురించి కాదు, వాడికి రాసిన బతుకు గురించి. పెదనాన్న ఊసే సరిగా రాదు, ఆ చోట్లో కోటీశ్వరుడు టోనీ స్టార్క్ ఉంటాడు, సూటు ఆయనే ఇస్తాడు. రెండు సినిమాల పాటు ఈ కుర్రాడికి డబ్బు కష్టం తెలియదు. 2017లో ఆ సూటు వెనక్కి తీసేసుకున్నాక ఇంట్లో కుట్టుకున్న గుడ్డలతో వెళ్ళి కాంక్రీటు కింద ఇరుక్కుని, సాయం చేయండని చిన్నపిల్లాడిలా కేకలు పెట్టి, ఎవరూ రారని తెలిసి తనని తనే లేపుకుంటాడే, అక్కడ మాత్రం టామ్ ఎంత మంచి నటుడో తెలుస్తుంది. 2018 అవెంజర్స్ సినిమాలో టోనీ చేతుల్లో బూడిదై పోతూ నాకు పోవాలని లేదని బతిమాలినప్పుడు కూడా అంతే. భయపడే కుర్రాడిగా టామ్‌ని మించినవాడు లేడు. మిగతా ఇద్దరూ ఎంతైనా పెద్దవాళ్ళే.

ఇక 2021 డిసెంబర్. ముగ్గురినీ ఒకే తెర మీద చూసినప్పుడు ఈ వాదన తీరిపోతుందనుకున్నాను, తీరలేదు గానీ ఒక మేలు జరిగింది. పడిపోతున్న ఎమ్‌జేని, అంటే టామ్ ప్రేమించిన అమ్మాయిని, ఆండ్రూ పట్టుకుని బాగానే ఉన్నావా అని అడుగుతూ తనే కన్నీళ్ళు పెట్టుకుంటే, గ్వెన్ సంగతి తెలియని మావాడు "ఆయనెందుకు ఏడుస్తున్నాడు మావయ్యా" అని అడిగాడు. పెద్దమ్మని చంపిన విలన్ గాబ్లిన్‌ని టామ్ చంపబోతే టోబీ అడ్డంగా నిలబడి ఆపుతాడు. ఒక్క మాట మాట్లాడడు. 2007 తర్వాత 14 ఏళ్ళకి ఆ సూటు వేసుకున్న మనిషి, కళ్ళతోనే వద్దురా అని చెప్పాడు. నాకు హాల్లో ఒళ్ళు జలదరించింది.

ఆ సినిమా చివర్లో ఒక మంత్రం వల్ల టామ్‌ని లోకంలో ఎవరూ గుర్తుపట్టరు. స్టార్క్ లేడు, పెద్దమ్మ లేదు. చిన్న అద్దె గది తీసుకుంటాడు, ఒకటో తారీఖుకల్లా అద్దె ఇవ్వాలి, ఆలస్యం చేయొద్దు అని ఓనరు చెప్పి వెళ్తాడు, వీడు కుట్టుమిషన్ మీద సూటు కుట్టుకుంటాడు. అంటే టామ్ మూడు సినిమాలు నడిచి, టోబీ 2004లో ఉన్న గదికి చేరాడు. అందుకే నా వరసలో టోబీ ముందు, టామ్ తర్వాత, ఆండ్రూ మూడు. మాస్క్ ఉన్నంతసేపూ అయితే ఆండ్రూనే ముందు, దాని మీద నా స్నేహితుడితో నాకు తగువు లేదు.

మావాడు మాత్రం హాల్లోంచి బయటికొచ్చి బండి ఎక్కుతూ "ఇప్పుడు ఆ గది అద్దె వాడెలా కడతాడు మావయ్యా?" అన్నాడు. అప్పటికి వాడు చిన్నవాడు, ఏదో సర్దిచెప్పాను. మొన్న ఏడుపు మొహం అన్నాక ఆ ప్రశ్న గుర్తు చేసి, వచ్చే ఆదివారం బీచ్ మానేసి మా ఇంటికి రమ్మన్నాను, 2004 సినిమా పెడతాను. మా పెద్దమ్మని కూడా రమ్మన్నాను.