గూడ్సు రైలు సిమ్యులేటర్: బ్రేకు లెక్క బాగుంది, కప్లింగు లెక్క తేలలేదు

పొడవైన గూడ్సు రైలులో ఒక్కొక్క కప్లింగు (వ్యాగన్లను ఒకదానికొకటి కలిపే కొక్కెం) మీద ఎంత బలం పడుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని మూడు నెలలుగా వాడుతున్నాను. ఇందులో ప్రతి వ్యాగన్ పట్టాల వెంట ముందుకూ వెనక్కూ మాత్రమే కదిలే ఒక ద్రవ్యరాశి. రెండు వ్యాగన్ల నడుమ ఉండే డ్రాఫ్ట్ గేర్, అంటే కప్లింగు వెనక కుదుపును తట్టుకునే పరికరం, ఇందులో కొంత వదులుతో కూడిన స్ప్రింగు. పరుగు నిరోధానికి (నడుస్తున్న రైలును వెనక్కి లాగే బలానికి) 1926లో డేవిస్ ఇచ్చిన సూత్రాన్నే, అంటే స్థిరపదం, వేగంతో పెరిగే పదం, వేగవర్గంతో పెరిగే పదం కలిసిన మొత్తాన్నే తీసుకున్నారు.

కొత్త సాఫ్ట్‌వేర్ ఏది చేతికొచ్చినా కాగితం మీద తేలే లెక్కతోనే మొదలుపెడతాను. 80 టన్నుల వ్యాగన్లు 50 ఉన్న రైలును 1 శాతం వాలు మీద కదలకుండా నిలిపితే, ఇంజను వెనక కప్లింగు సుమారు 392 కిలోన్యూటన్లు, సరిగ్గా సగం వ్యాగన్లు దాటాక ఉన్న కప్లింగు అందులో సగం మోయాలి. ఆ రెండు అంకెలూ సరిగ్గానే వచ్చాయి.

బ్రేకు భాగం నిజంగా మెచ్చుకోదగినది. బ్రేకు వేయడానికి బ్రేకు పైపులో గాలి పీడనం తగ్గించిన సంగతి చివరి వ్యాగన్‌కు వెంటనే అందదు. ఆ తరంగం సెకనుకు 250 మీటర్ల చొప్పున సాగితే 1,500 మీటర్ల రైలులో తోక దాకా చేరడానికి 6 సెకన్లు పడుతుంది. ఆలోగా ముందు వ్యాగన్లు నెమ్మదించడం, వెనకవి వచ్చి వాటిని నెట్టడం, వదులంతా మూసుకుపోయి నడిమి కప్లింగుల్లో ఒత్తిడి ఎగబాకడం గ్రాఫులో వరసగా కనిపిస్తాయి.

చిక్కంతా డ్రాఫ్ట్ గేర్ దగ్గరే. ఘర్షణ ఉన్న డ్రాఫ్ట్ గేర్‌లో నొక్కేటప్పటి బలం వేరు, వదిలేటప్పటి బలం వేరు. పక్కపక్క వ్యాగన్ల సాపేక్ష వేగం సున్నా అయిన చోట ఈ సాఫ్ట్‌వేర్ ఆ రెండు బలాల వక్రాలనూ ఒక చిన్న వాలుగీతతో కలిపేస్తుంది. నిజమైన పరికరం ఆ క్షణంలో బిగుసుకుపోతుంది; ఇక్కడిది మాత్రం మెల్లగా జారుతూనే ఉంటుంది. ఆ గీతను నిటారుగా మారిస్తే జారుడు తగ్గుతుంది గానీ, బలం ప్రతి కాలపు అడుగుకూ (లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే చిన్న కాలవ్యవధికీ) అటూ ఇటూ ఎగిరిపడుతుంది. కాలపు అడుగును సగానికి తగ్గించి అదే రైలును మళ్ళీ నడిపితే, వేగం గ్రాఫులు ఒకదాని మీద ఒకటి అతికినట్టు సరిపోయాయి, గరిష్ఠ కప్లింగు బలం మాత్రం మారిపోయింది. మనం ఈ సాఫ్ట్‌వేర్ కొనేదే ఆ ఒక్క అంకె కోసం కదా! దీని గురించి కరదీపికలో ఒక్క వాక్యమైనా లేదు.

ఆపే దూరం, ప్రయాణ కాలం, ఇంజను శక్తి చూసుకునేవారు నిశ్చింతగా తీసుకోవచ్చు. కప్లింగులు తెగే ప్రమాదాన్ని అంచనా వేయాలనుకునేవారు మాత్రం అడుగును సగం చేసి కనీసం రెండుసార్లు నడిపి, గరిష్ఠ బలాలు కుదిరాకే నివేదికలో రాయాలి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను, పని రెట్టింపయినా సరే.