షేర్‌పాయింట్, ఆల్‌ఫ్రెస్కో, ఎం-ఫైల్స్: మూడింటితోనూ ఏళ్ల తరబడి పనిచేశాక

కంపెనీ డాక్యుమెంట్లన్నీ ఒకచోట పెట్టే సాఫ్ట్‌వేర్ కొనాలనుకోగానే వెండర్లు ఓ పెద్ద పట్టిక చేతిలో పెడతారు. వెర్షన్లు ఉన్నాయా? ఉన్నాయి. అప్రూవల్ వర్క్‌ఫ్లో? ఉంది. మొబైల్ యాప్? అదీ ఉంది. ఏ కంపెనీ పట్టిక చూసినా గళ్లనిండా టిక్కులే. డాక్యుమెంట్ కంట్రోల్ ఉద్యోగంలో ఈ మూడింటినీ వేర్వేరు చోట్ల నడిపాను. అసలు తేడా ఆ పట్టికలో ఎక్కడా కనిపించదు. ఉద్యోగి ఫైల్ లోపల పెట్టే ఆ అర నిమిషంలో సాఫ్ట్‌వేర్ అతన్ని ఏం అడుగుతుంది, ఏం అడక్కుండా వదిలేస్తుంది అన్న దగ్గర ఉంది. రెండేళ్ల తర్వాత ఆ ఫైల్ దొరుకుతుందా లేదా అన్నది చాలావరకు అప్పుడే తేలిపోతుంది.

మైక్రోసాఫ్ట్ వాళ్ల షేర్‌పాయింట్ దాదాపు ఏమీ అడగదు. 2001 నుంచి ఉన్న సరుకు, వర్డ్, ఎక్సెల్ వాడేవాళ్లకి కొత్తగా అనిపించదు, ట్రైనింగ్ పెద్దగా అక్కర్లేదు. ఫైల్ లాగి పడేస్తే చాలు. ఒకే డాక్యుమెంట్‌లో నలుగురు ఒకేసారి పనిచేయాలంటే ఈ మూడింటిలో దీని తర్వాతే ఏదైనా. కాకపోతే ఆ సుఖమే తర్వాత మెడకి చుట్టుకుంటుంది. లైబ్రరీలో, అంటే ఫైళ్లు దాచే చోట, సప్లయర్ పేరు, కాంట్రాక్ట్ గడువు లాంటి కాలమ్స్ పెట్టి, తప్పనిసరి అని గుర్తు పెట్టొచ్చు. పది ఫైళ్లు ఒకేసారి లాగి పడేస్తే మాత్రం అవన్నీ లోపలికి వచ్చేస్తాయి, వివరాలు లేవని పక్కన ఓ గుర్తు పడుతుంది, అంతే. ఆ గుర్తు ఎవరూ చూడరు. ఇంకో విషయం, తప్పనిసరి కాలమ్స్ ఉన్న లైబ్రరీని కంప్యూటర్‌కి సింక్ చేసుకుంటే ఫైళ్లు చదవడానికే వస్తాయి, మార్చడానికి కుదరదు. మా అకౌంట్స్ వాళ్లు దీనికి విసిగిపోయి 'ఆ తప్పనిసరి తీసేయండి సార్' అని మా మేనేజర్ దగ్గరికి వెళ్లారు. తీసేశాం. ఆ రోజు నుంచి గడువు కాలమ్ సగం ఖాళీయే.

షేర్‌పాయింట్‌కి ఉన్న ఐదు వేల హద్దు గురించి కొనే ముందే తెలుసుకోవాలి. ఒక లైబ్రరీలో 3 కోట్ల ఫైళ్ల దాకా పెట్టొచ్చు. అయితే ఒక వ్యూ, అంటే వడపోసి చూపించే జాబితా, ఒకేసారి 5,000కి మించి ఐటమ్స్‌ని తడమాల్సి వస్తే ఆగిపోతుంది. ఏ కాలమ్ మీద వడపోస్తామో దానికి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) ముందే పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు రాదు. లైబ్రరీ నిండాక మేల్కొంటే తలనొప్పి ఎక్కువ. పాత వెర్షన్లు కూడా స్టోరేజ్ లెక్కలోకే వస్తాయి. డిఫాల్ట్‌గా 500 వరకూ దాస్తుంది కాబట్టి, ఆటోసేవ్ ఆన్‌లో ఉన్న పెద్ద ప్రెజెంటేషన్ ఒక్కటే ఎంత జాగా తింటుందో ఓసారి వెర్షన్ హిస్టరీ తెరిచి చూడండి. కొత్తవాళ్లకి లింక్ షేర్ చేస్తే ఆ ఫైల్‌కి విడిగా పర్మిషన్ ఏర్పడుతుంది. కొన్నేళ్లకి ఎవరు ఏం చూడగలరో అడ్మిన్‌కి కూడా అంతు పట్టదు.

ఆల్‌ఫ్రెస్కో కథ వేరు. డాక్యుమెంటమ్ అనే పాత డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ న్యూటన్, జాన్ పావెల్‌తో కలిసి 2005లో దీన్ని మొదలుపెట్టారు. 2020లో హైలాండ్ అనే కంపెనీ కొనేసింది. ఓపెన్ సోర్స్‌లో కమ్యూనిటీ ఎడిషన్ ఉంది, లైసెన్స్ డబ్బు కట్టక్కర్లేదు. దీంట్లో నాకు బాగా నచ్చింది ఫోల్డర్ రూల్స్. 'ఈ ఫోల్డర్‌లో ఏది పడినా అది ఇన్‌వాయిస్, దానికి ఫలానా వివరాలు తగిలించు, అప్రూవల్‌కి పంపు' అని ఒకసారి రాసిపెడితే చాలు. ఉద్యోగి మామూలుగా ఫైల్ వేసేసి పోతాడు, మిగతాది రూల్ చూసుకుంటుంది. మనుషుల అలవాటు మార్చకుండా పని జరిపించుకోవడం అంటే ఇదే.

అయితే ఉచితం అన్న మాటని నమ్మి దిగితే కష్టం. సర్వర్, జావా, సెర్చ్ కోసం సోలర్, డేటాబేస్, వీటన్నిటికీ ఓ మనిషి కావాలి. ఓసారి సర్వర్‌లో ఫైళ్లు నిల్వ ఉండే చోటు తెరిచి చూస్తే విషయం అర్థమవుతుంది. ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం పేరిట ఒకదానిలో ఒకటి ఫోల్డర్లు. అట్టడుగున ముప్పై ఆరు అక్షరాల గజిబిజి పేరు, చివర డాట్ బిన్. అది కాంట్రాక్టో, క్యాంటీన్ మెనూనో చూసి చెప్పలేం. అసలు పేరు, వివరాలు, పర్మిషన్లు అన్నీ డేటాబేస్‌లోనే ఉంటాయి. అందుకని బ్యాకప్ తీసేటప్పుడు డేటాబేస్ ముందు, ఫైళ్ల నిల్వ తర్వాత తీయాలి. అలాగైతే డేటాబేస్‌కి తెలిసిన ప్రతి ఫైలూ నిల్వలో తప్పకుండా ఉంటుంది. నాలుగు ఫైళ్లు ఎక్కువైతే నష్టమేమీ లేదు. వరస తిరగేస్తే, పేరు ఉండి ఫైల్ లేని డాక్యుమెంట్లు వస్తాయి. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనను. ఈ సాఫ్ట్‌వేర్ విషయంలో అయితే అస్సలు అనను.

ఎం-ఫైల్స్ ఫిన్లాండ్‌ది. ఇందులో పని ఫోల్డర్ల మీద నడవదు. ఫైల్ ఎక్కడ పెట్టాలి అని కాదు, అది ఏమిటి అని అడుగుతుంది. కాంట్రాక్టా? ఎవరితో? ఏ ప్రాజెక్ట్‌కి? ఇవి నింపితేనే సేవ్ అవుతుంది. ఆ తర్వాత అదే కాంట్రాక్ట్ కస్టమర్ పేరు కింద కనిపిస్తుంది, ప్రాజెక్ట్ కిందా కనిపిస్తుంది, గడువు తీరబోయేవాటి వ్యూలోనూ కనిపిస్తుంది. ఉన్నది మాత్రం ఒక్కటే ఫైల్. పర్మిషన్లు కూడా ఈ వివరాల్ని బట్టే పెట్టొచ్చు. ప్రాజెక్ట్ మేనేజర్ మారితే ఆ ఒక్క గడి మారుస్తాం, సంబంధించిన ఫైళ్లన్నీ కొత్తాయనకి కనిపిస్తాయి. ఆడిట్ రోజున టెన్షన్ లేకుండా కూర్చున్నానంటే అది దీని పుణ్యమే.

మొదటి కొన్ని నెలలు మాత్రం నరకం. 'నా ఫోల్డర్ ఏది?' అని అడగని మనిషి లేడు. పైగా మనవాళ్లు తెలివైనవాళ్లు. వివరాలు అడిగే క్లాసులన్నీ (డాక్యుమెంట్ రకాలు) వదిలేసి, ఏమీ అడగని 'ఇతర డాక్యుమెంట్లు' అనే క్లాస్ పట్టుకున్నారు. టెండర్లు, డ్రాయింగ్‌లు, సెలవు చీటీలు అన్నీ అందులోకే. ఆ క్లాస్‌ని అడ్మిన్లకే పరిమితం చేశాక దారికొచ్చారు. డ్రాప్‌డౌన్‌లో మొదట ఉన్న పేరునే ఎంచుకునే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. మా దగ్గర అక్షరక్రమంలో ముందున్న సప్లయర్‌కి, పాపం, అతనికి సంబంధం లేని డాక్యుమెంట్లు చాలానే ఉన్నాయి.

సెర్చ్ గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా రెండు పరీక్షలు పెట్టండి. స్కాన్ చేసిన కాగితం ఒకటి వేసి, దాని లోపలి మాటతో వెతకండి. ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాల్ని చదివి టెక్స్ట్‌గా మార్చడం, జరగకపోతే అది సెర్చ్‌కి ఉత్త బొమ్మ. రెండోది, గీతలూ సున్నాలూ ఉన్న నంబర్, అంటే 0417/22-3 లాంటిది. చాలా సెర్చ్ ఇంజిన్లు గీత దగ్గర నంబర్‌ని ముక్కలు చేస్తాయి, దాంతో ఇన్‌వాయిస్ ఒకటి అడిగితే వందలు వచ్చి పడతాయి.

డిలీట్ విషయంలోనూ తేడాలున్నాయి. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో రీసైకిల్ బిన్ గడువు మొత్తం కలిపి 93 రోజులు. ఆల్‌ఫ్రెస్కోలో ట్రాష్ ఖాళీ చేసినా ఫైల్ డిఫాల్ట్‌గా మరో 14 రోజులు డిస్క్ మీద ఉంటుంది. ఎం-ఫైల్స్‌లో డిలీట్ వేరు, పూర్తిగా నాశనం చేయడం వేరు, రెండోది అడ్మిన్ చేతిలో ఉంటుంది.

పాత ఫైల్ సర్వర్ నుంచి మార్చేటప్పుడు పనిని ఎవరికి అప్పగిస్తున్నారో చూసుకోండి. మా దగ్గర ఓ కాంట్రాక్టర్ మనుషులు బ్రౌజర్‌లో ఫైళ్లు లాగి పడేసి పని ముగించారు. చూస్తే పదేళ్ల నాటి ఒప్పందాలతో సహా అన్నిటికీ తయారైన తేదీ ఆ వారానిదే, తయారు చేసినవారు ఆ కాంట్రాక్టర్ మనిషే. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మైగ్రేషన్ టూల్ వాడినా పాత తేదీలు నిలిచేవి. షేర్‌పాయింట్‌లో ఫోల్డర్ల పేర్లతో కలిపి ఫైల్ పాత్ 400 అక్షరాలు దాటకూడదు కాబట్టి, లోతైన ఫోల్డర్లని ముందే కత్తిరించుకోవాలి.

ఇప్పుడు రోజువారీ ఆఫీస్ పని షేర్‌పాయింట్‌లో, కాంట్రాక్టులూ క్వాలిటీ డాక్యుమెంట్లూ ఎం-ఫైల్స్‌లో నడుపుతున్నాం. సొంతంగా గట్టి సర్వర్ టీమ్ ఉన్న కంపెనీకైతే ఇవాళ కూడా ఆల్‌ఫ్రెస్కో పేరు చెబుతాను. ఏది తీసుకున్నా బయటికి వచ్చే దారి చూసుకోండి. షేర్‌పాయింట్ లైబ్రరీని సింక్ చేసి కాపీ తీసుకుంటే తాజా ఫైల్ ఒక్కటే చేతికొస్తుంది, పాత వెర్షన్లూ కాలమ్స్‌లోని వివరాలూ రావు. ఆల్‌ఫ్రెస్కోకి 2010లో ప్రమాణంగా వచ్చిన సీఎంఐఎస్ దారి ఉంది, అంటే వేర్వేరు డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి. ఈమధ్య డెమోకి ఎవరొచ్చినా నేను ఒకటే పని చెబుతున్నాను: వంద ఫైళ్లు లోపల పెట్టి, పదింటిని నాలుగేసిసార్లు మార్చి, వెర్షన్లతో, వివరాలతో, ఎవరు ఆమోదించారన్న రికార్డుతో సహా మొత్తం తిరిగి ఇవ్వమని. ఒక వెండర్ మర్నాడే జిప్ ఫైల్ పంపాడు. ఇంకొకరు 'అది ప్రొఫెషనల్ సర్వీసెస్ కిందికి వస్తుందండీ, విడిగా కొటేషన్ ఇస్తాం' అన్నారు.