తిరుపతి కమ్యూనిటీ రేడియోలో ఆడియో ప్రాసెసర్: ఆరు నెలల అనుభవం

తిరుపతిలోని మా చిన్న కమ్యూనిటీ రేడియో కేంద్రానికి ప్రసారానికి ముందు ధ్వనిని ఐదు పౌనఃపున్య భాగాలుగా (బ్యాండ్లుగా) విడదీసి సరిచేసే డిజిటల్ ఆడియో ప్రాసెసర్‌ను కొని ఆరు నెలలైంది. అమ్మినవారు దాన్ని అమర్చి వెళ్లిన తీరు మాత్రం నిరాశపరిచింది. ప్రీ-ఎంఫసిస్‌ను (ప్రసారానికి ముందు హెచ్చు పౌనఃపున్య ధ్వనులను పెంచే అమరికను) మన దేశంలో వాడే 50 మైక్రోసెకన్లకు బదులు అమెరికా పద్ధతిలో 75 దగ్గర వదిలేయడంతో, అన్నమయ్య కీర్తనల్లో తాళాల మోత, వ్యాఖ్యాత పలికే ‘స’కారం చెవులను గీరేవి. దాన్ని సరిచేసి, ఏజీసీ (ధ్వని స్థాయిని తనంతట తానే సర్దే భాగం) వేగాన్ని తగ్గించి, క్లిప్పర్‌ను (శబ్ద శిఖరాలను కత్తిరించే భాగాన్ని) మూడు డెసిబెల్స్ వెనక్కి తీశాక, డీవియేషన్ (ఎఫ్‌ఎం తరంగపు పౌనఃపున్యం అటూఇటూ మారే మేర) 75 కిలోహెర్ట్జ్ దాటకుండానే మృదంగపు తొప్పి (ఎడమ వైపు) నాదం సైతం విడిగా వినిపించింది. పరికరం మంచిదే. అయితే ప్రీసెట్లన్నీ (ముందే సిద్ధం చేసిన అమరికలన్నీ) పాప్ పాటలకు తగినవే కాబట్టి, పాట ఆగినప్పుడు తంబుర శ్రుతి ఉబ్బిపోకుండా గేట్ (ధ్వని బాగా తగ్గినప్పుడు దాన్ని పెంచకుండా ఆపే భాగం) స్థాయిని మనమే, కారు రేడియోలో అలిపిరి దాకా వింటూ, ఓపికగా సరిచూసుకోవాలి. ఇంత ముఖ్యమైన గేట్‌కు మాన్యువల్‌లో ఒక్క పేజీ కూడా కేటాయించలేదు.