ఏడాది వారంటీ అని బిల్డర్ రాసిచ్చిన కాగితాన్ని నమ్మి ఊరుకోకండి

కొత్త ఫ్లాట్ కొంటున్నవాళ్లు, ముఖ్యంగా త్వరలో తాళాలు తీసుకోబోతున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. పొజెషన్ రోజున సంతకాలు పెట్టించుకునే కాగితాల కట్టలో ఎక్కడో ఒకచోట "వారంటీ 12 నెలలు" అని ఒక లైను ఉంటుంది. ఆ లైను చూపించే మమ్మల్ని నెలల తరబడి తిప్పారు. చట్టం మనకిచ్చింది 12 నెలలు కాదు, 5 ఏళ్లు.

మా బెడ్రూమ్ గోడకి అవతల బాత్రూమ్. ఇంట్లోకి దిగిన కొద్ది నెలలకే ఆ గోడకి స్కర్టింగ్ పైన పెయింట్ ఉబ్బింది, తర్వాత తెల్లగా ఉప్పు పూసింది. ఫోన్ చేస్తే సైట్ ఇంజినీర్ ఒక పెయింటర్‌ని పంపేవాడు. అతను గీకి, పుట్టీ పెట్టి, రంగు వేసి వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. అలా ఏడాది గడిచేసరికి మాట మారింది. "మీ వారంటీ అయిపోయిందండీ, ఇక మీరే చేయించుకోవాలి" అన్నారు. పైగా గీజర్ బిగించేటప్పుడు డ్రిల్లింగ్ చేయడం వల్లే లీకేజీ వచ్చిందని ఒక కొత్త వాదన కూడా మొదలుపెట్టారు. గీజర్ ఉన్న గోడ వేరు, చెమ్మ వచ్చిన గోడ వేరు. రంగు వేయించి కాలం గడపడం కావాలని చేసిన పనే అని నా గట్టి నమ్మకం.

2016 నాటి రెరా చట్టంలో (ఇళ్లు, స్థలాల వ్యాపారాన్ని నియంత్రించే కేంద్ర చట్టం) సెక్షన్ 14, సబ్‌సెక్షన్ 3 చూడండి. పొజెషన్ ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో, నాణ్యతలో, సదుపాయాల్లో లోపం గానీ బిల్డర్ దృష్టికి తెస్తే, పైసా తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. పిల్లర్లు, స్లాబులకే 5 ఏళ్లు, మిగతావాటికి ఏడాది అని సేల్స్ వాళ్లు చెప్పే మాట ఈ సెక్షన్‌లో లేదు. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేకపోవడం, టైల్స్ కింద బోలుగా ఉండటం, డ్రైనేజీ పైపు వాలు తప్పడం, ఇవన్నీ పనితనం లోపాలే. బిల్డర్ తన లెటర్‌హెడ్ మీద ఏం రాసుకున్నా ఈ 5 ఏళ్లు తగ్గవు.

అయితే ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. లోపం "దృష్టికి తెచ్చారు" అనడానికి మీ చేతిలో రుజువుండాలి. ఫోన్ కాల్స్ లెక్కలోకి రావు. సైట్ ఇంజినీర్ "చూస్తాను" అన్న మాటా అంతే. బిల్డర్ ఆఫీసుకి ఈమెయిల్ పంపండి. దానితో పాటు ఫోటోలు, పొజెషన్ తేదీ, సెక్షన్ నంబరు రాసి అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టులో లెటర్ కూడా పంపండి. మేం ఆ లెటర్ పంపాకే వాళ్ల గొంతు మారింది. పెయింటర్ బదులు ప్లంబర్, మేస్త్రీ వచ్చారు.

టైల్స్ పగలగొట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. బాత్రూమ్ ఫ్లోర్ మీద వేసిన వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ గోడ మీదికి కనీసం ఒక అడుగు ఎత్తు ఎక్కాలి. మా దగ్గర అది ఫ్లోర్ అంచు దగ్గరే ఆగిపోయింది. నహానీ ట్రాప్ (బాత్రూమ్ నీళ్లు బయటికి పోయే జాలీ దగ్గరి గొట్టం) చుట్టూ నీరు దిగకుండా మూసే సీలింగ్ లేదు, ఉత్త సిమెంటు కుక్కి వదిలేశారు. వేలితో గీకితే పొడిగా రాలింది. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్లు అందులోంచి దిగి గోడలోకి పాకుతున్నాయి. దీనికి రంగు మీద రంగు వేసి ఏం లాభం?

కాబట్టి తాళాలు తీసుకునే ముందే బాత్రూమ్‌ల అవుట్‌లెట్ మూసి ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాట్ సీలింగ్ చూడండి. టైల్స్ కింద బోలుగా ఉందేమో నాణెంతో తట్టి చూడండి. "ఫ్లాట్ అన్ని విధాలా బాగుంది, ఎలాంటి లోపాలూ లేవు" అని ముందే టైపు చేసి పెట్టిన లెటర్ ఇస్తారు. దాని మీద మీరు గమనించినవన్నీ చేత్తో రాసి, అప్పుడే సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే అదే రోజు ఈమెయిల్ కొట్టండి. పొజెషన్ లెటర్ మీద తేదీ తప్పకుండా ఉండాలి, 5 ఏళ్లు లెక్కపెట్టేది అక్కడి నుంచే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్లాస్టరింగ్‌లో వెంట్రుకంత సన్నని పగుళ్లు మామూలే. మీరు గోడలు కొట్టి మార్పులు చేయిస్తే, ఆ నెపంతో బిల్డర్ తప్పుకుంటాడు, మార్పులకు ముందు ఫోటోలు తీసిపెట్టుకోండి. కానీ కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగులు పెరుగుతున్నా, బీములో పగులు కనిపించినా స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి. కుళాయిలు, మోటార్లు, లిఫ్టుకి కంపెనీల వారంటీ వేరే ఉంటుంది, ఆ కార్డులు, బిల్లులు అడిగి తీసుకోండి.

500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టినవాటికి, లేదా 8 ఫ్లాట్లు మించనివాటికి రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అలాంటి చిన్న అపార్ట్‌మెంట్‌లో కొంటుంటే, 5 ఏళ్ల డిఫెక్ట్ లయబిలిటీ (లోపాలు సరిచేసే బాధ్యత) షరతును అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. రాయనంటే అడ్వాన్స్ ఇవ్వకండి. రిజిస్టరైన ప్రాజెక్టుల్లో 30 రోజుల్లో కదలిక లేకపోతే మీ రాష్ట్ర రెరా అథారిటీకి ఫిర్యాదు చేయండి. పరిహారం తేల్చేది అక్కడి అడ్జుడికేటింగ్ ఆఫీసర్. వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు, కాకపోతే అక్కడ గడువు 2 ఏళ్లే.

పొజెషన్ తీసుకుని ఇప్పటికే నాలుగేళ్లు దాటినవాళ్లుంటే ఈ వారంలోనే ఇల్లంతా ఒకసారి చూసుకోండి. అసోసియేషన్ వాళ్లు టెర్రస్, సెల్లార్, వాటర్ ట్యాంకులు కూడా చూడాలి. కనిపించిన ప్రతిదీ రాసి 5 ఏళ్లు నిండకముందే లెటర్ పంపేయండి.