డిష్, యాంటెన్నా రెండూ ఒకే పెట్టెలో: ఆరేళ్ల వాడకం తర్వాత

2019 జూలై 14న లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఫైనల్ జరుగుతున్నప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఇంగ్లండ్‌లో క్రికెట్ ప్రత్యక్ష ప్రసారాలు ఏళ్ల తరబడి డబ్బు కట్టే చానళ్లకే పరిమితమైపోగా, ఆ ఒక్క మ్యాచ్ మాత్రం చానల్ 4లో ఉచితంగా వచ్చింది. అప్పట్లో మా ఇంట్లో ఉన్నది ఒకే ట్యూనర్ (సిగ్నల్ నుంచి చానల్‌ను పట్టుకునే భాగం) గల పాత సెట్‌టాప్ బాక్స్. దానికి చానల్ 4 మీద టైమర్ పెట్టి పనికి వెళ్లాను. సాయంత్రం వచ్చి రికార్డింగ్ తెరిస్తే, కొంతసేపు సవ్యంగా సాగిన ఆట ఉన్నట్టుండి మాయమైంది, తెర మీద కార్లు గిరగిరా తిరుగుతున్నాయి. అదే రోజు సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీ ఉండటంతో క్రికెట్‌ను మధ్యలో మోర్4 చానల్‌కు మార్చి, రేసు ముగిశాక మళ్లీ వెనక్కి తెచ్చారు. సూపర్ ఓవర్ దక్కింది కానీ, మ్యాచ్‌ను అక్కడిదాకా తీసుకొచ్చిన ఆట అంతా పోయింది. రెండు చానళ్లనూ ఒకేసారి రికార్డు చేయగల పెట్టె కొనాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. అలా కొన్న పెట్టె గురించే ఈ సమీక్ష.

బ్రిటన్‌లో కొత్తగా స్థిరపడిన మన వాళ్ల కోసం ముందుగా ఒక మాట చెప్పాలి. ఇక్కడ నెలవారీ చందా లేకుండా టీవీ చూడటానికి గాలిలో రెండు దారులున్నాయి. ఒకటి 2002 అక్టోబరులో మొదలైన ఫ్రీవ్యూ. ఇది భూమి మీది ట్రాన్స్‌మిటర్ల నుంచి మామూలు యాంటెన్నాకు వస్తుంది. రెండోది 2008 మేలో బీబీసీ, ఐటీవీ కలిసి మొదలుపెట్టిన ఫ్రీశాట్, ఇది 28.2 డిగ్రీల తూర్పున ఉన్న ఆస్ట్రా ఉపగ్రహాల నుంచి డిష్‌కు వస్తుంది. ఉచితం అన్నానని టీవీ లైసెన్సును మరచిపోకూడదు. ప్రసారాన్ని అప్పటికప్పుడు చూసినా, రికార్డు చేసి తర్వాత చూసినా లైసెన్సు ఉండాల్సిందే. 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు అయింది.

మేముండేది బర్మింగ్‌హామ్ శివారులో. సటన్ కోల్డ్‌ఫీల్డ్ ట్రాన్స్‌మిటర్ దగ్గరే కాబట్టి అటకలో పెట్టిన యాంటెన్నాతోనే సిగ్నల్ గట్టిగా వస్తుంది. వెనక గోడకు ఇంతకు ముందు అద్దెకున్నవాళ్లు వదిలి వెళ్లిన డిష్ ఒకటి ఆగ్నేయ దిక్కుకు, ఆకాశంలో సుమారు 24 డిగ్రీల ఎత్తుకు చూస్తూ ఉంది. రెండూ సిద్ధంగా ఉన్నప్పుడు ఒకదాన్ని వదులుకోవడం ఎందుకనిపించింది. దుకాణాల్లో దొరికే రికార్డర్లలో అత్యధికం ఫ్రీవ్యూకో ఫ్రీశాట్‌కో ఏదో ఒకదానికే పనిచేస్తాయి కాబట్టి, నేను ఎనిగ్మా2 అనే లైనక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే కాంబో పెట్టె తీసుకున్నాను. నేను కొన్న మోడల్ ఇప్పుడు తయారవడం లేదు, అందుచేత కంపెనీ పేరు కన్నా పెట్టె రకాన్ని గురించి చెప్పడమే ఉపయోగకరం.

కొనేవాళ్లు ముందుగా చూడాల్సింది హార్డ్‌డిస్క్ సైజు కాదు, డిష్ నుంచి ఇంట్లోకి ఎన్ని కేబుళ్లు వస్తున్నాయన్నది. డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే భాగాన్ని ఎల్ఎన్‌బీ అంటారు. మామూలు ఎల్ఎన్‌బీ ఉపగ్రహ సిగ్నల్‌ను, తరంగాల దిశ నిలువా అడ్డమా, ఫ్రీక్వెన్సీ ఎగువదా దిగువదా అన్న లెక్కన నాలుగు భాగాలుగా చూస్తుంది. ఒక కేబుల్ మీదుగా ఒక సమయంలో అందులో ఒక్క భాగమే దిగుతుంది. పెట్టె మీద ఎనిమిది ట్యూనర్లని రాసి ఉన్నా ఒక్క కేబులే ఉంటే ఆ ఎనిమిదీ అదే భాగంలోని చానళ్లను మాత్రమే పట్టుకోగలవు. మా డిష్‌కు నాలుగు అవుట్‌పుట్‌ల ఎల్ఎన్‌బీ ఉంది కానీ ఇంట్లోకి వచ్చిన కేబుళ్లు రెండే. ఆ రెండింటితో ఆరేళ్లలో 'ఈ రికార్డింగ్ వీలుకాదు' అన్న సందేశాన్ని నేను పది సార్లకు మించి చూడలేదు. దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. స్కై సంస్థ చందా సర్వీసైన స్కై క్యూ పెట్టిన ఇంటికి మారినవాళ్ల డిష్ మీద, సిగ్నల్‌ను వేరే పద్ధతిలో దింపే వైడ్‌బ్యాండ్ ఎల్ఎన్‌బీ ఉండవచ్చు. దానికి పాత రకం పెట్టెను తగిలిస్తే ఒక్క చానలూ రాదు, తప్పు పెట్టెదే అనుకుని తిరిగి పంపించేస్తారు. పెట్టె ఆర్డరు చేసే ముందే నిచ్చెన వేసుకునైనా ఎల్ఎన్‌బీ మీద ఏం రాసుందో చూసుకోవడం మంచిది.

యాంటెన్నా వైపు లెక్క ఇంతకన్నా సులువు. ఫ్రీవ్యూలో బీబీసీ వన్, ఐటీవీ, చానల్ 4 మొదలైనవాటి హెచ్‌డీ ప్రసారాలు ఒకే మల్టీప్లెక్స్‌లో, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద, కట్టగా వస్తాయి. కాబట్టి ఒక్క ట్యూనర్ ఉన్నా, అందులోని చానళ్లన్నింటినీ ఒకేసారి రికార్డు చేయవచ్చు. దుకాణంలో 'ట్విన్ ట్యూనర్' అన్న అట్ట చూసి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రెండు దారులూ ఉండటం వల్ల నాకు నిజంగా మేలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. ఇంగ్లండ్ జట్టు మన దేశంలో ఆడిన టెస్టు సిరీస్‌ను చానల్ 4 ఉచితంగా ప్రసారం చేసింది. అయితే 2018 ఫిబ్రవరి నుంచి 2021 డిసెంబరు వరకు ఫ్రీశాట్ జాబితాలో చానల్ 4 హెచ్‌డీ లేదు, ఫ్రీవ్యూలో మాత్రం ఉంది. డిష్ ఒక్కటే ఉన్న మా మిత్రులు మసక బొమ్మతో సరిపెట్టుకుంటే, నేను యాంటెన్నా మీద హెచ్‌డీలో రికార్డు చేసుకున్నాను. చెన్నైలో ఉదయం తొమ్మిదిన్నరకు ఆట మొదలైతే ఇక్కడ తెల్లవారుజాము 4 గంటలు. ఆ చలిలో ఎవరు లేస్తారు? పెట్టె తనంతట తాను లేచి రికార్డు మొదలుపెట్టేది. నేను ఆరున్నరకు కాఫీ కలుపుకుని, రికార్డింగ్ ఇంకా సాగుతుండగానే మొదటి బంతి నుంచి చూసుకుంటూ వచ్చేవాణ్ని. రెండో టెస్టు రెండో రోజు ఆదివారం. నేను భోజన విరామానికి ముందరి ఆట చూస్తుండగా గుంటూరు నుంచి నాన్నగారు ఫోన్ చేసి, "మన సిరాజ్ మొదటి బంతికే వికెట్ తీశాడ్రా, చూశావా?" అన్నారు. నా తెర మీద సిరాజ్ ఇంకా బంతి పట్టుకోనేలేదు. ఆ తర్వాత ఆ సిరీస్ అయ్యేవరకు ఆట రోజుల్లో ఉదయం పూట ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. ఏ పెట్టె తయారీదారూ తీర్చలేని లోపం ఇది.

వాతావరణం విషయంలోనూ రెండు దారులు ఒకదానికొకటి తోడు నిలిచాయి. కుండపోత వానకు, ఎల్ఎన్‌బీ మీద తడి మంచు పేరుకున్నప్పుడు ఉపగ్రహ సిగ్నల్ పోతుంది, అదీ కొన్ని నిమిషాలే. ఫ్రీవ్యూకు వాన లెక్కలేదు కానీ, గాలి కదలకుండా ఎండ కాసే రోజుల్లో దూరపు ట్రాన్స్‌మిటర్ల సిగ్నళ్లు వచ్చి పడి బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. ఈ ఆరేళ్లలో రెండూ ఒకేసారి పడిపోయిన రోజు నాకు గుర్తు లేదు. ముఖ్యమైన మ్యాచ్ ఉంటే అదే కార్యక్రమానికి రెండు వైపులా టైమర్ పెడతాను. ఏది బాగా వస్తే అది ఉంచుకుని రెండోది తీసేస్తాను.

రికార్డింగులు ఎక్కడ, ఎలా ఉంటాయన్న దగ్గర ఈ రకం పెట్టెకూ దుకాణపు పెట్టెకూ ఉన్న అసలు తేడా తెలుస్తుంది. ఫ్రీవ్యూ, ఫ్రీశాట్ ముద్రతో వచ్చే రికార్డర్లు సాధారణంగా హెచ్‌డీ రికార్డింగులకు తాళం వేసి దాచుకుంటాయి. పెట్టె చెడిపోతే లోపలి డిస్క్ బాగున్నా అందులోది బయటికి రాదు. మా పాత బాక్స్ పోయినప్పుడు మా అమ్మాయి నర్సరీలో ఉండగా లోకల్ వార్తల్లో రెండు క్షణాలు కనిపించిన క్లిప్ అలాగే పోయింది. ఎనిగ్మా2 పెట్టెలో రికార్డింగ్ మామూలు ఫైలుగా ఉంటుంది, ఇంటి నెట్‌వర్క్ మీదుగా ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని వీఎల్‌సీ ప్లేయర్‌లో చూడవచ్చు. నా అనుభవంలో గంట హెచ్‌డీ కార్యక్రమానికి మూడు, నాలుగు జీబీలు పడుతుంది. ఆ లెక్కన ఒక టీబీ డిస్క్ మాకు అవసరానికి మించే సరిపోయింది. నాలుగో ఏట డిస్క్ టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. అది పూర్తిగా పోకముందే ఫైళ్లన్నీ కాపీ చేసుకుని వేరే డిస్క్ వేశాను, ఒక్కటీ పోలేదు.

ఇక బాధలు. ఈ పెట్టెకు లోపల సొంత గడియారం లేదు. సమయాన్ని ప్రసారం నుంచో ఇంటర్నెట్ నుంచో తెలుసుకుంటుంది. ఒకసారి మేము సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు కరెంటు పోయి వచ్చింది. పెట్టె లేచేసరికి రౌటర్ ఇంకా లేవలేదు కాబోలు, సమయం తెలియక 1970 జనవరి 1 నుంచి లెక్క మొదలుపెట్టి, మూడు వారాల పాటు అది ఆ నెలలోనే ఉండిపోయింది. తిరిగొచ్చి చూస్తే, ఇంకా యాభై ఏళ్ల తర్వాత రావాల్సిన కార్యక్రమాల కోసం టైమర్లన్నీ ఓపికగా ఎదురుచూస్తున్నాయి, ఒక్కటీ రికార్డు కాలేదు. సమయాన్ని ఇంటర్నెట్ ఒక్కదాని నుంచే కాక ప్రసారం నుంచి కూడా తీసుకునేలా సెట్టింగ్ మార్చాక మళ్లీ అలా జరగలేదు.

చానళ్లు చోటు మారినప్పుడు కూడా బాధ్యత మనదే. ఆటోబొకేస్‌మేకర్ అనే ప్లగిన్ రాత్రి పూట జాబితాను కొత్తది చేసి, ఫ్రీశాట్, ఫ్రీవ్యూ నంబర్ల వరుసలోనే చానళ్లను పేరుస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ పాత టైమర్లు పాత చానల్‌నే పట్టుకుని ఉంటాయి. 2024 జనవరిలో ఉపగ్రహం మీద బీబీసీ ఎస్‌డీ ప్రసారాలు ఆగిపోయినప్పుడు, మా ఆవిడ ఏళ్ల క్రితం పెట్టుకున్న వారంవారం టైమర్లన్నీ ఖాళీ తెరను రికార్డు చేయడానికి ప్రయత్నించి విఫలమయ్యాయి. తనకు ఈ పెట్టె మీద ఉన్న అభిప్రాయం, నిజం చెప్పాలంటే, నా అభిప్రాయమంత మంచిది కాదు. రిమోట్ మీద ఎర్ర బటన్, నీలం బటన్ ఏ సందర్భంలో ఏం చేస్తాయో గుర్తుపెట్టుకోవడం తన పని కాదంటుంది, అది న్యాయమే.

కాబట్టి ఇంట్లో మెనూల్లోకి దిగి సరిచేసే ఓపిక ఎవరికీ లేకపోతే ఈ రకం పెట్టె కొనవద్దు. డిష్ ఉంటే, దొరికితే ఫ్రీశాట్ 4కే రికార్డర్ చాలు: నాలుగు చానళ్ల వరకు రికార్డు చేస్తూ ఐదోది చూడవచ్చు, పాత ఎల్ఎన్‌బీతోనూ వైడ్‌బ్యాండ్‌తోనూ పనిచేస్తుంది, చానళ్ల మార్పులను తానే చూసుకుంటుంది. అందులోని రికార్డింగులను బయటికి తీయాలన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు. 2024 ఏప్రిల్‌లో మొదలైన ఫ్రీలీ టీవీలు బ్రాడ్‌బ్యాండ్ మీద చానళ్లను ఇస్తాయి కానీ వాటిలో రికార్డింగ్ సదుపాయం సాధారణంగా ఉండదు, కనుక ఈ చర్చలోకి అవి రావు. బీబీసీ వాళ్ల ఐప్లేయర్ లాంటి ఆన్‌లైన్ సర్వీసులు ఉండగా రికార్డింగ్ ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. సీరియళ్లకు అది నిజమే; ఆటలకు, ప్రకటనలను దాటవేయాలనుకునేవాళ్లకు మాత్రం కాదు.

కొనేటప్పుడు అడగాల్సిన చివరి ప్రశ్న పవర్ అడాప్టర్ గురించి. ఆరేళ్లలో మా పెట్టె రెండుసార్లు 'చచ్చిపోయింది'. రెండుసార్లూ పోయింది పెట్టె కాదు, దాని నల్లటి అడాప్టర్. రికార్డింగ్ మొదలై డిస్క్ తిరగగానే పెట్టె ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి లేవడం దాని లక్షణం. మొదటిసారి నేను సాఫ్ట్‌వేర్‌ను అనుమానించి ఒక శనివారం మొత్తం పెట్టెలోని ఎనిగ్మా2 సాఫ్ట్‌వేర్ ఓపెన్‌విక్స్‌ను రెండు సార్లు తిరిగి ఎక్కించాను. రెండోసారి నేరుగా అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్ల అడాప్టర్ తెప్పించి తగిలించాను. ఇప్పుడు అదనంగా ఇంకొకటి టీవీ బల్ల సొరుగులో ఉంది.